స్థానాపతి రాసిన యుద్ధవార్త: రాయవాచకాన్ని ఎంతవరకు నమ్మవచ్చు?

వేసవిలో బీచుపల్లి వద్ద కృష్ణను చూసినవారికి అది మహానది అంటే నమ్మబుద్ధి కాదు. వానాకాలంలో గట్లు ఒరుసుకుని పారే నది మే నెలకల్లా ఇసుకమేటల మధ్య పాయలుపాయలుగా చీలి, బండల సందుల్లో దారి వెతుక్కుంటూ ఉంటుంది. హైదరాబాదు నుండి కర్నూలు వెళ్ళే రహదారి ఇక్కడే నదిని దాటుతుంది. ఉత్తరపు గట్టు వనపర్తి జిల్లా, దక్షిణపు గట్టు గద్వాల జిల్లా. దక్షిణపు గట్టున ఆంజనేయస్వామి ఆలయం ఉంది. ఆ విగ్రహాన్ని ప్రతిష్ఠించినవారు శ్రీకృష్ణదేవరాయల గురువైన వ్యాసరాయలవారని ఈ ప్రాంతపు విశ్వాసం.

ఈ గట్టు నుండి దక్షిణాన తుంగభద్ర వరకు ఉన్న నేలను మావైపు నడిగడ్డ అంటారు. గద్వాల దాటి పడమరగా పోతే రాయచూరు. రెండు నదుల మధ్య ఉన్న ఈ అంతర్వేది కోసం విజయనగరమూ బహమనీలూ, బహమనీల తరువాత బిజాపురమూ రెండు వందల యేళ్ళపాటు పోరాడాయి. ఈ మెట్ల మీద కూర్చున్నప్పుడల్లా నాకు ఒకే ప్రశ్న తోస్తుంది. ఆ యుద్ధాలను ఎవరైనా కళ్ళారా చూసి, ఆ సాయంత్రమే దీపం పక్కన కూర్చుని రాసి పెట్టారా? రాసి ఉంటే ఆ కాగితాలేవి?

ఈ ప్రశ్నకు తెలుగులో జవాబు ఉందని చాలాకాలం నమ్మాను. ఆ జవాబు పేరు 'రాయవాచకము'.

రాయవాచకాన్ని చదవనివారి కోసం రెండు మాటలు. ఇది వచన గ్రంథం. కృష్ణరాయలు పట్టానికి రావడం, మంత్రి అప్పాజీ వద్ద రాజనీతి తెలుసుకోవడం, మారువేషంలో తిరగడం, తురక సుల్తానులతో కృష్ణాతీరంలో పోరాడడం, కళింగ గజపతిపై దండెత్తడం ఇందులోని కథ. రాసినవాడు తన పేరు చెప్పుకోలేదు. విశ్వనాథ నాయనివారి స్థానాపతిగా మాత్రమే మనకు తెలుసు. స్థానాపతి అంటే సామంతుడైన నాయకుని పక్షాన చక్రవర్తి కొలువులో ఉండే ప్రతినిధి. అక్కడ జరిగే సంగతులన్నీ తన ప్రభువుకు విన్నవించుకోవడం అతని ఉద్యోగం. గ్రంథమంతా అటువంటి విన్నపం రూపంలోనే నడుస్తుంది.

చదువుతుంటే కలిగే అనుభూతి చెప్పనలవి కాదు. కావ్యభాష కాదు. కొలువులో మనుషులు మాట్లాడుకున్నట్టే ఉంటుంది. కచేరీ మాటలు, పారసీకం నుండి వచ్చిన మాటలు, ఊపిరి తిప్పుకోనివ్వని పొడవాటి వాక్యాలు. వేగులవారు సుల్తానుల కోటల్లో తిరిగి వచ్చి అక్కడి కొలువుల తీరు చెబుతారు. అప్పాజీ సేనల లెక్కలు, రాబడి లెక్కలు విప్పుతాడు. పెమ్మసాని రామలింగనాయుడు శత్రువుల డేరాల తాళ్ళు కోయడానికి పందెం కట్టినట్టు ముందుకు దూకుతాడు. ఇంత దగ్గరగా చూసి రాసినవాడు అక్కడ లేకుండా ఎలా ఉంటాడు?

చరిత్రకారులకూ ఇలాగే తోచింది. విజయనగర చరిత్రకు ఆధారాలను కూర్చి ఎస్. కృష్ణస్వామి అయ్యంగారు 1919లో ప్రచురించిన సంపుటంలో రాయవాచకానికి చోటిచ్చారు. నీలకంఠశాస్త్రి, నేలటూరి వెంకటరమణయ్యగార్లు 1946లో మరిన్ని ఆధారాలను వెలువరించారు. ఆ తరం పండితులు దీన్ని రాయలకాలపు వార్తగానే ఎక్కువగా వాడుకున్నారు. వారిని చదివి పెరిగిన నేను కూడా ఒకానొక చిన్న సభలో, "కృష్ణాతీర యుద్ధాన్ని కళ్ళారా చూసిన తెలుగువాడు ఒకడున్నాడు" అని గొప్పగా ప్రకటించాను. సభికులు చప్పట్లు కొట్టారు. ఆ వాక్యం తప్పు. ఈ వ్యాసం ఒక విధంగా ఆ చప్పట్లను తిరిగి ఇచ్చివేయడమే.

తప్పని ఎలా తెలిసింది? 1993లో ఫిలిప్ వాగొనర్ రాయవాచకాన్ని ఆంగ్లంలోకి అనువదించి, దానితోపాటు సవిస్తరమైన పరిశీలన ప్రచురించాడు. ఈ గ్రంథం రాయలకాలానిది కాదని, సుమారు 1600 ప్రాంతంలో మధుర నాయకుల కొలువులో పుట్టిందని అతని నిర్ణయం. కృష్ణరాయలు రాజ్యం చేసింది 1509 నుండి 1529 వరకు. అంటే కథకూ కలానికీ నడుమ దాదాపు ఎనభై యేళ్ళు. నడుమ 1565 ఉంది. రాక్షసి-తంగడి యుద్ధంలో రామరాయలు మరణించిన తరువాత విజయనగరం పాడుపడిపోయింది.

ఈ మాట మొదట చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. మన గ్రంథం గురించి బయటివాడు చెప్పేదేమిటి అనుకున్నాను. తరువాత పుస్తకాన్ని మళ్ళీ తెరిచి, శాసనాల తేదీలను పక్కన పెట్టుకుని చూశాను. కోపం నిలవలేదు.

మొదటిది, శత్రువులెవరన్న విషయం. రాయవాచకంలో రాయల ఎదుట నిలిచేది బిజాపురం, గోలకొండ, అహమ్మదునగరం. ముగ్గురు సుల్తానులు సమానులుగా ఒక్కటై వస్తారు. కాని 1520లో రాయచూరు వద్ద రాయలు గెలిచింది బిజాపురపు ఇస్మాయిల్ ఆదిల్‌షా ఒక్కడిపైన. అంతకుముందు, రాయలు పట్టానికి వచ్చిన కొత్తలో, ఉత్తరం నుండి ఉమ్మడి సేన వచ్చిన మాట నిజమే. అయితే అప్పటికి బీదరులో బహమనీ సుల్తాను పేరుకైనా సింహాసనంపై ఉన్నాడు, సేన అతని పేరనే కదిలింది. గోలకొండ స్వతంత్ర రాజ్యమైంది 1518 ప్రాంతంలో అని సాధారణంగా చెబుతారు. సుల్తానులు ఎవరికి వారు రాజులుగా ఉంటూ, విజయనగరంపైకి ఒక్కటై వచ్చిన సంవత్సరం 1565. రాయవాచకకర్త మనసులో మెదిలిన శత్రువు తన తాతలకాలపువాడు కాదు, తండ్రులకాలపువాడు.

రెండవది, సంఘటనల వరుస. పుస్తకంలో తురకలతో యుద్ధం ముందు, కళింగ దండయాత్ర తరువాత. శాసనాలు చెప్పేది వేరు. ఉదయగిరి 1514లో చిక్కింది. కొండవీడు 1515 జూన్ 23న పడింది, గజపతి కుమారుడు వీరభద్రుడు అక్కడే బందీ అయ్యాడు. 1516లో రాయలు సింహాచలం చేరాడు. రాయచూరు యుద్ధం ఇవన్నీ ముగిశాక, 1520లో. కృష్ణాతీర యుద్ధం రాయచూరు యుద్ధమే అనుకుంటే వరుస తలకిందులవుతుంది. తొలినాటి యుద్ధమని సర్దుకుంటే ఆ ముగ్గురు సుల్తానులు ఎదురుతిరుగుతారు. ఎటు లాగినా దుప్పటి చాలదు.

మూడవది నాకు అన్నిటికంటె ముఖ్యంగా తోచింది. దీనికి శాసనాలు అక్కరలేదు, చదివే చెవి చాలు. రాయవాచకంలో భయం లేదు. రాయలు గెలుస్తాడని రాసినవాడికి మొదటి పుట నుండే తెలుసు. వేగు తెచ్చిన వార్త తప్పిపోదు. అప్పాజీ పన్నిన పన్నాగం బెడిసికొట్టదు. యుద్ధం నడుమ ఉన్నవాడి రాత ఇలా ఉండదు.

ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి మనకు మరొక దినచర్య ఉంది, అది అసలైనది. పుదుచ్చేరిలో ఫ్రెంచివారి వద్ద ప్రధాన దుబాసీగా పనిచేసిన ఆనందరంగపిళ్ళె 1736 సెప్టెంబరు నుండి 1761 జనవరి వరకు తమిళంలో దినచర్య రాశాడు. కస్తూరి రంగకవి తెలుగులో ఛందోగ్రంథం రచించి 'ఆనందరంగరాట్ఛందము' అని పేరుపెట్టింది ఈయనకోసమే. కాబట్టి మన సాహిత్యానికి ఈయన పరాయివాడు కాడు. దినచర్య 1846లో గాలువా-మోంబ్రన్ అనే ఫ్రెంచి అధికారి కంటబడింది. మద్రాసు ప్రభుత్వం దాని ఆంగ్లానువాదాన్ని 1904 నుండి 1928 వరకు పన్నెండు సంపుటాలుగా ప్రచురించింది.

పిళ్ళె తటస్థుడేమీ కాదు. తనను పొగిడినవారి మాటలను జాగ్రత్తగా దాచుకుంటాడు. గిట్టనివారిపై, ముఖ్యంగా గవర్నరు డూప్లే భార్యపై, విషం కక్కుతాడు. ముహూర్తాలు, శకునాలు చూస్తాడు. 1748లో ఇంగ్లీషువారు పుదుచ్చేరిని ముట్టడించినప్పుడు కోట లోపల ఉండి, విన్నదీ కన్నదీ కలిపి రాశాడు. వ్యాపారపు లెక్క పక్కనే ఫిరంగి గుండు, పుకారు పక్కనే పెళ్ళి, దర్బారు పక్కనే బాకీ. ఎందుకంటే ఆయనకు రేపటి సంగతి తెలియదు. ఏది ముఖ్యమో తెలియనివాడు అన్నీ రాసుకుంటాడు. చివరకు 1761 జనవరి 12న కన్నుమూశాడు. నాలుగు రోజులకే, పదహారవ తేదీన, పుదుచ్చేరి ఇంగ్లీషువారి వశమైంది. ఇరవైనాలుగేళ్ళకు పైగా సాగిన ఆ రచన ముగింపు చూడకుండానే ఆగిపోయింది. దినచర్యకు అంతకంటె సహజమైన ముగింపు మరొకటి ఉండదేమో.

ఆ పుటలు చదివిన తరువాత రాయవాచకం తెరిస్తే తేడా తనంతట తానే కనబడుతుంది. పిళ్ళె పుటల్లో అబద్ధాలు ఉండవచ్చు, కాని అవి ఆనాటి అబద్ధాలు. రాయవాచకంలో నిజాలు ఉండవచ్చు, కాని అవి తరువాతి కాలం ఏరి కూర్చిన నిజాలు. ఆధారంగా వాడుకునేటప్పుడు ఈ రెండిటినీ ఒకే త్రాసులో తూచడం కుదరదు.

అయితే రాయవాచకాన్ని పక్కన పడేయవలసిందేనా? నా అసలు మాట ఇక్కడ మొదలవుతుంది.

1535-37 ప్రాంతంలో ఫెర్నావో నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వ్యాపారి విజయనగరంలో ఉన్నాడు. రాబర్టు సూయెల్ 1900లో 'ఎ ఫర్‌గాటెన్ ఎంపైర్'తో పాటు ఇతని వృత్తాంతాన్ని ఆంగ్లంలో అందించాడు. రాయచూరు యుద్ధాన్ని అంత విపులంగా చెప్పినవారు మరొకరు లేరు. కాల్బలం 7,03,000, గుర్రాలు 32,600, ఏనుగులు 551 అని లెక్క కూడా చెబుతాడు. ఈ లెక్కను ఎవరూ అక్షరాలా నమ్మనక్కరలేదు. కాని ఆ లెక్కల మధ్య అతను చెప్పిన చిన్న సంగతి ఒకటి ఉంది. సేన ఒక ఏరు దాటుతుండగా, ముందు నడిచినవారికి మోకాటి దగ్గరకు వచ్చిన నీరు సగంమంది దాటేసరికే ఇంకిపోయిందట. వెనుకవారు ఇసుకలో చెలమలు తవ్వుకున్నారట. దాహంతో జనం చావకుండా తోలుతిత్తులతో నీళ్ళు మోసేవారిని పన్నెండు వేలమందిని దారి పొడవునా నిలిపారట. మే నెలలో బీచుపల్లి ఇసుకలో నడిచినవాడికి ఈ వాక్యం నిజమో కాదో ఇంకొకరు చెప్పనక్కరలేదు. సూయెల్ లెక్కకట్టిన యుద్ధదినం కూడా మే నెలలోనిదే, 1520 మే 19.

రాయవాచకంలో ఈ దాహం లేదు. కాని నూనిజ్ మరొక సంగతి కూడా చెప్పాడు. అది రాయవాచకానికి ప్రాణం పోస్తుంది. చక్రవర్తి కింది నాయకులు ఒక్కొక్కరికీ రాజధానిలో ఒక్కొక్క లేఖరి ఉండేవాడట. అతను రాత్రింబవళ్ళు రాజభవనాన్ని కనిపెట్టుకుని ఉండి, రాజు చేసే ప్రతి పనినీ తన ప్రభువుకు రాసి పంపేవాడట. నాయకులకు తెలియకుండా ఏదీ జరగకుండా చూసుకునేవారట. నూనిజ్‌కు తెలుగు పేరు తెలియకపోవచ్చు. మనకు తెలుసు. ఆ లేఖరి స్థానాపతి.

దీని అర్థమేమిటో ఒక్క క్షణం ఆలోచించండి. రాయచూరు యుద్ధకాలంలో అటువంటి వార్తాలేఖకులు ఒక్కరు కాదు, నాయకులు ఎందరుంటే అందరు ఉండి ఉండాలి. చక్రవర్తి దండయాత్రకు వెళితే వార్త సేకరించేవాడికి ఇంట్లో కూర్చుంటే జరగదు. ఎవరి సేన ముందు నిలిచింది, ఎవరి సేన వెనుదిరిగింది, రాయలు ఎవరిని మెచ్చాడు, ఎవరిపై కినిశాడు, ఈ వివరాలన్నీ నాయకుల మనుగడకు సంబంధించినవి. అవి తాటాకుల మీదనో కాగితాల మీదనో గంజికోటకూ ఉదయగిరికీ దక్షిణదేశానికీ పరుగెత్తి ఉంటాయి. భయం, పుకారు, తప్పుడు లెక్క, దాహం అన్నీ వాటిలో ఉండి ఉంటాయి. పిళ్ళె దినచర్యవంటివి తెలుగులో రెండు శతాబ్దాల ముందే పుట్టి ఉంటాయి.

వాటిలో ఒక్కటీ మన చేతికి రాలేదు. చెదలు, తేమ, నిప్పు, నిర్లక్ష్యం, పని తీరిన కాగితాన్ని పారేసే అలవాటు. ప్రభువు చదివేశాక నిన్నటి వార్తకు విలువేముంది? ఆలయ గోడల మీద చెక్కిన దానశాసనం నిలిచింది. గుర్రాలమ్ముకోవడానికి వచ్చిన విదేశీయుడి రాత నిలిచింది. బిజాపురపు కొలువులో కూర్చుని పదిహేడవ శతాబ్ది ఆరంభంలో ఫెరిష్తా రాసిన చరిత్ర నిలిచింది. అందులో ఇస్మాయిల్ ఆదిల్‌షా మద్యం మత్తులో ఏనుగెక్కి, వెనుకాముందూ చూడకుండా కృష్ణలోకి దిగాడు. ఓడినవారి కొలువు కూడా తన ఓటమికి ఒక కథ కల్పించుకుంది. స్థానాపతుల లేఖలు మాత్రం పోయాయి. మిగిలింది వాటికి అనుకరణ ఒక్కటే, రాయవాచకం.

కాని అనుకరణకు మూలం ఉండాలి. నకిలీ నాణెం కనబడిందంటే ఆ ఊళ్ళో అసలు నాణెం చెలామణీ అయిందనే అర్థం. 1600 నాటి మధుర రచయిత స్థానాపతి విన్నపాన్ని తన గ్రంథానికి రూపంగా ఎంచుకున్నాడంటే, ఆ రూపం అతని పాఠకులకు పరిచితమైనది, నమ్మదగినది అయి ఉండాలి. విన్నపం ఎలా మొదలుపెడతారు, వేగు మాటను ఎలా చేరుస్తారు, లెక్కను ఎక్కడ పెడతారు, పెద్దల సంభాషణను ఎలా తిరగచెబుతారు, ఇవన్నీ అతనికి తెలుసు. పోయిన ఉత్తరాల గొంతు ఎలా ఉండేదో మనకు వినిపించే తావు ఇదొక్కటే. యుద్ధం గురించి ఇది చెప్పే సాక్ష్యం బలహీనం. యుద్ధాన్ని ఎలా రాసేవారన్న దానికి దీని సాక్ష్యం అమూల్యం.

గ్రంథంలోనే దీనికొక తమాషా పోలిక ఉంది. గజపతి కొలువులో పదహారుగురు పాత్రులు అజేయులు. వారిని గెలవడమెలాగని రాయలు చింతిస్తుంటే అప్పాజీ ఉపాయం చేస్తాడు. ఆ పాత్రులు రాయలతో కుమ్మక్కైనట్టు ఉత్తరాలు పుట్టించి, కానుకలతో సహా అవి గజపతి చేతికి చిక్కేలా చేస్తాడు. గజపతి తనవారినే శంకించి పారిపోతాడు. శాసనాలు చూపే కళింగయుద్ధం యేళ్ళ తరబడి సాగిన కోటల ముట్టడి. ఇక్కడ అది కొన్ని దొంగ ఉత్తరాలతో ముగుస్తుంది. ఉత్తరం చేతికి చిక్కింది కాబట్టి నిజమేనని గజపతి నమ్మాడు. మనమూ అదే పని చేశాం. స్థానాపతి పేరిట గ్రంథం చేతికి చిక్కింది, రాయలకాలం నాటిదేనని నమ్మేశాం.

మధురలో ఎవరికి ఈ గ్రంథం అవసరమైంది? విజయనగరం పాడైపోయింది. అరవీటి రాజులు పెనుకొండకు, తరువాత చంద్రగిరికి తరలిపోయారు. మధుర, తంజావూరు, జింజి నాయకులు ఎవరికి వారు బలపడుతున్నారు. పెద్ద ఇల్లు కూలిపోయాక వాటాదారులు తాతగారి కథలు చెప్పుకుంటారు. ఆ కథల్లో తమ పూర్వీకుడు తాతగారి పక్కనే నిలబడి ఉంటాడు. మధుర వంశకర్త విశ్వనాథ నాయకుడు. రాయల గొప్పతనాన్ని విశ్వనాథ నాయని స్థానాపతి నోట పలికించడంలో ఉన్న మర్మం అదే. అలా చదివితే రాయవాచకం అబద్ధం కాదు. 1565లో కోల్పోయిన ఒక లోకాన్ని తలచుకుని, అది అలా ఉండేదని తమకు తాము చెప్పుకున్నవారి నిజమైన పత్రం. అందులోని రాయలకు భయం లేకపోవడానికి కారణం కూడా ఇప్పుడు నాకు అర్థమవుతుంది. భయపడవలసినదంతా అప్పటికే జరిగిపోయింది.

రాయలు స్వయంగా రాసినది కూడా మనకుంది. కళింగ దండయాత్రలో ఉండగా కృష్ణాతీరపు శ్రీకాకుళంలో ఆంధ్రవిష్ణువును సేవించానని, కలలో ఆ స్వామి కనబడి కావ్యం రాయమన్నాడని ఆముక్తమాల్యద ఆరంభంలో చెప్పుకున్నాడు. యుద్ధం నడుమ ఉన్న చక్రవర్తి మనకు మిగిల్చిన స్వంత వాఙ్మూలం ఒక కల. చరిత్రకారుడికి అది చాలదు. సాహిత్యం చదివేవాడికి మాత్రం ఎక్కువే.

ఇంత వెదికినా ఒక కొరత మిగిలే ఉంది. నూనిజ్ నీళ్ళు మోసేవారిని చూశాడు. రాయవాచకకర్త వేగులవారిని చూశాడు. ఫెరిష్తా సుల్తానును చూశాడు. ఈ నడిగడ్డ రైతును ఎవరూ చూడలేదు. ఏడు లక్షలు కాదు, అందులో పదోవంతు సేన నడిచినా ఇక్కడి చెరువులు, గడ్డివాములు, గాదెలు ఏమై ఉంటాయి? అసలు స్థానాపతి లేఖ ఒక్కటి దొరికినా, మేతకు గడ్డి దొరకలేదనో, ఫలానా ఊరు ఖాళీ అయిందనో ఒక ముక్క ఉండేదేమోనన్న ఆశ నాకింకా ఉంది. అది ఎవరికోసమూ కాకుండా, లెక్కకోసం రాసిన ముక్క. నమ్మదగిన చరిత్ర తరచుగా అటువంటి ముక్కల్లోనే ఉంటుంది.

మొన్న బీచుపల్లి మెట్ల మీద ఒక పెద్దాయన నన్ను అడిగాడు. "ఏం సారూ, ఈ స్వామిని రాయలవారి గురువే నిలబెట్టినాడంటరు గదా, నిజమేనా?" వెనుకటి రోజుల్లో అయితే నిజమేనని సభలో చెప్పినట్టు చెప్పేవాణ్ణి. నడుమ కొంతకాలం, ఆధారం చూపమని ఎదురడిగేవాణ్ణి. ఈసారి, "మీ తాతలు అట్లనే చెప్పినారా?" అని అడిగాను. "వాళ్ళ తాతలూ అదే చెప్పినారంట" అన్నాడు. ఆ మాటను తేదీ వేసి నా నోటు పుస్తకంలో రాసుకున్నాను. వ్యాసరాయలవారి సంగతికి అది సాక్ష్యం కాదు. ఈ గట్టున ఈనాడు జనం ఏమి నమ్ముతున్నారన్న దానికి సాక్ష్యం.